వివేకి పాదాలకు చల్లటి నీళ్ళు

తొమ్మిదో కాగితం, గురువారం

అందుకే బకెట్టు సంగతి నిన్న రాయలేకపోయాను. రాద్దామనే కూర్చున్నాను, పెన్సిల్ కూడా చెక్కుకున్నాను. ఇంతలో అమ్మ రొయ్యల షెడ్డు నుంచి వచ్చేసింది. నా వెనకే నిలబడి "ఏం రాస్తన్నావే?" అంది. "హోమ్‌వర్క్" అన్నాను. విత్తనాల సంచి చింపి దాని వెనక ఎవరైనా హోమ్‌వర్క్ రాస్తారా? అమ్మ బాగా అలిసిపోయి ఉంది కాబట్టి ఇంకేం అడగలేదు.

ట్యాబ్‌లో రాస్తే పలకకి తెలిసిపోతుంది. గోడ మీది పలక ఇంట్లో ఉన్న ప్రతి స్క్రీన్‌నీ చదువుతుంది. నీలం లైటు వెలిగితే మాటలు కూడా వింటుంది. కాగితాన్ని మాత్రం చదవలేదు. నాకు తెలుగు రాయడం స్కూల్లో నేర్పలేదు. అమ్మమ్మ నేర్పింది, గచ్చు మీద తడి వేలితో. నా ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. ఎవరూ చదవరు కాబట్టి ఫర్వాలేదు.

ఇవాళ పొద్దున స్కూల్ బోటు దక్షిణం మడుల పక్క నుంచి వెళ్ళింది. సోమవారం పచ్చగా ఉన్న నారు కొనలు మాడిపోయి, తుప్పు పట్టినట్టు ఉన్నాయి. ముప్పై ఇళ్ళవాళ్ళ నారు. బోటులో అందరూ అటే చూశారు. నేను నా బూట్లు చూసుకున్నాను.

"ఉప్పెక్కేసింది," అన్నాడు బోటు తాత. "సోమారం మూడో గేటు ఎత్తారుగా."

"వివేకి చెబితేనేగా ఎత్తింది?" అంది వెనక కూర్చున్న ఒకావిడ. "ఆవిడ మాటెట్టా తప్పుద్ది? ఏదో లోతు ఉండుంటది. మనకి అందదు."

ఆ వివేకి మా అమ్మమ్మ, నాంచారమ్మ. ఆ లోతెంతో నాకు తెలుసు. ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ బకెట్టంత.

పదో కాగితం, శుక్రవారం

ఇవాళ రాసేస్తాను. అమ్మ షెడ్డులో ఉంది. అమ్మమ్మ కునుకు తీస్తోంది.

సముద్రానికి అడ్డంగా కట్టిన మా ఏడో గట్టు ఊళ్ళో నీళ్ళ గేటు ఎత్తాలంటే పలక ఒక్కటే చాలదు. పలక మూడు దారులు చూపిస్తుంది. ఎత్తు, సగం ఎత్తు, ఎత్తకు. వాటిలో ఏదో వివేకి తేల్చాలి. నేను పుట్టకముందు రెండో గట్టులో గేట్లు పలకే ఎత్తుకునేదట. నీళ్ళలో ఉన్న దాని సెన్సర్లకి గుల్లలు పట్టేసి, సముద్రాన్ని మంచినీళ్ళనుకుని లోపలికి రానిచ్చింది. రెండో గట్టు ఇప్పుడు లేదు. ఆటుకి నీళ్ళు బాగా తీసినప్పుడు ఒక వాటర్ ట్యాంకు కప్పు మాత్రం కనిపిస్తుంది.

వివేకి ఊరికే చెప్పకూడదు. గేటు దగ్గరి నీళ్ళలో పాదాలు పెట్టి చెప్పాలి. పెద్ద విషయమైతే ఇంకో పద్ధతి కూడా ఉంది. పాదాలు నీళ్ళలో పెట్టకముందు కమిటీ ప్రెసిడెంట్ అందరి ముందూ మడత తువ్వాలు విప్పి, వాటిని పొడిగా తుడవాలి. ఆ తువ్వాలు ఉతకడం, ఆరేయడం, నాలుగు మడతలు పెట్టి రేకు పెట్టెలో ఉంచడం నా డ్యూటీ. ఒకసారి మడత పెట్టాక దాన్ని ప్రెసిడెంట్ తప్ప ఎవరూ విప్పకూడదు.

రెండు నెలల క్రితం అమ్మమ్మ గేటు మెట్ల మీద జారిపడింది. తుంటి విరిగింది. ఇక మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి. అప్పుడు కమిటీ ఏమందంటే, వివేకి నీళ్ళ దగ్గరికి వెళ్ళలేకపోతే నీళ్ళే వివేకి దగ్గరికి వస్తాయంది. తెచ్చేది ఇంట్లోవాళ్ళే అయ్యుండాలి. అంటే నేను.

ఆ సోమవారం నాకు ఇంగ్లీష్ ఎలక్యూషన్ ఫైనల్ ఉంది, ఆన్‌లైన్‌లో. అది అయ్యేసరికి పోటు ఎక్కడానికి ఇరవై నిమిషాలే మిగిలాయి. గేటుకి వెళ్ళి రావడానికి అరగంట పడుతుంది. పలక మీద నీలం లైటు వెలిగి ఉంది. గేటు కాపలా దావీదు మామయ్య అవతల నుంచి "అమ్మా, సిద్ధమేనా?" అని రెండుసార్లు అడిగాడు.

నేను పెరట్లోకి వెళ్ళి మా వాన నీళ్ళ తొట్టి కుళాయి తిప్పి బకెట్టు నింపాను. కాలవ నీళ్ళలా కనిపించాలని గుప్పెడు బురద తీసి కలిపాను. చేత్తో కలిపాను. ఆ బురద గోళ్ళలో ఉండిపోతే, తర్వాత పుల్లతో తీసుకున్నాను.

అమ్మమ్మ పాదాలు పెట్టింది. కాసేపు కళ్ళు మూసుకుంది. "ఎత్తు దావీదూ," అంది.

"అమ్మా, నాలిక్కి ఉప్పుప్పగా తగులుతుంది. ఇంకోసారి చూసుకోండి."

"నా కాళ్ళకేం తగల్లేదయ్యా. ఎత్తెయ్యి."

ఎత్తేశాడు.

నిజంగా నాకు తెలియదు. నీళ్ళలో పాదాలు పెట్టడం అంటే రిబ్బన్ కట్ చెయ్యడం లాంటిదనుకున్నాను. వివేకం అంటే తలలో ఉండేదే కదా, కాళ్ళతో ఏం పని అనుకున్నాను. మర్నాడు అమ్మమ్మ మడమలకి నూనె రాస్తుంటే ఆ పగుళ్ళలో నా వేలు పట్టింది. "ఇంత లోతుగా ఉన్నాయేంటి, నెప్పి లేదా?" అన్నాను.

"మంచినీళ్ళకి లేదు. ఉప్పు తగిలితే చురుక్కుమంటది," అంది. "చురుక్కుమంటే ఒద్దంటా. లేకపోతే ఎత్తమంటా. నలభై ఏళ్ళుగా నేను చేస్తన్నది అదే."

"అంతేనా?"

"అంతే. ఎవరికీ చెప్పమాక. వీళ్ళకి ఇంకేదో కావాలి."

నూనె గిన్నె నా చేతిలోంచి జారి గచ్చంతా నూనె అయింది. తుడిచి తుడిచి మోకాళ్ళు నొప్పి పుట్టాయి. అప్పటికి గేటు ఎత్తి ఒక రోజైంది.

పదకొండో కాగితం, సోమవారం

స్కూల్లో విజ్‌డమ్ డే వ్యాసం రాయమన్నారు. ముందు స్టెల్లా మిస్ ఒక్కొక్కళ్ళనీ లేపి ఆ మాటతో వాక్యం చెప్పమంది. తెలుగులో చెప్పినా ఓకే అంది.

"నారు మాడినా వివేకి మాట మాడదు," అన్నాడు ప్రెసిడెంట్ గారి మేనల్లుడు. మిస్ చప్పట్లు కొట్టించింది.

"మా నాన్న మా బాబాయిని తిట్టడానికి గడప దాకా వెళ్ళి, వివేకంగా తిట్టకుండా వచ్చేశాడు," అన్నారు ఒకళ్ళు.

"మా అమ్మ నన్ను వివేకంగా ఉండమంది. అందుకే నోరు మూసుకున్నాను," అంది నా బెంచీ అమ్మాయి. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నాకూ అమ్మ అదే చెబుతుంది, అదే అర్థంతో.

"హిమజా, నువ్వు చెప్పాలి అసలు. యూ లివ్ విత్ విజ్‌డమ్!" అంది మిస్.

లేచి నిలబడ్డాను. "ఐ విల్ రైట్ ఇట్, మిస్," అన్నాను. రాశాను కూడా. మూడు పేజీలు. అమ్మమ్మ కళ్ళు మూసుకుంటే సముద్రం ఆవిడతో మాట్లాడుతుందని రాశాను. ఇంగ్లీషులో అయితే నా చెయ్యి ఆగదు. మడమలు అనే మాట ఎక్కడా రాలేదు. మిస్ చదివి కళ్ళు తుడుచుకుంది. ఫస్ట్ ప్రైజ్ నాదేనట.

తిరుగు బోటులో దావీదు మామయ్య కూతురు కెజియా నా పక్కన కూర్చుంది. రెండో క్లాసు. రోజూ నా పక్కనే కూర్చుని నా జడ చివర పట్టుకుంటుంది, బోటు ఊగితే పడిపోకుండా.

"అక్కా, మా నాన్న గేటు ఎక్కువ ఎత్తేశాడంట. అందరూ అంటున్నారు."

"ఎవరన్నారు?"

"అందరూ. మమ్మల్ని బయటి గట్టుకి పంపిచ్చేత్తారంట. అక్కడ బోటు రాదంటగా?"

రాదు. బయటి గట్టు మీద స్కూల్ లేదు, డాక్టర్ లేడు. అలలు గోడ దాటి ఇళ్ళలోకి వస్తాయి. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఏడాది కంటే ఎక్కువ ఉండరు. ఉండలేరు.

"రాదంటగా?" అని మళ్ళీ అడిగింది.

"ఏమో," అన్నాను.

పన్నెండో కాగితం, మంగళవారం

ప్రెసిడెంట్ వీరభద్రం గారు మా ఇంటికొచ్చారు. చెప్పులు బయట విప్పి, అమ్మమ్మ కుర్చీ ముందు కింద కూర్చున్నారు. పలక మీద నీలం లైటు వెలిగింది.

"అత్తయ్యగారూ, తుంటి ఎట్టా ఉంది?"

"ఇరిగినట్టే ఉంది. మీ పెద్దమ్మాయికి నెల తప్పిందంటగా?"

"మీకు ఇంట్లోనే అన్నీ తెలిసిపోతయ్," అని నవ్వి, నవ్వు ఆపేశారు. "దావీదు సంగతి తేల్చాలండీ. జనం ఊరుకోట్లేదు. మీ మాట తప్పదు, అది అందరికీ తెలిసిందే. మరి నారు మాడింది. అంటే మధ్యలో ఉన్నోడే ఏదో చేశాడు."

"దావీదు ఏమంటన్నాడు?"

"అదేనండీ. ఏమీ అనట్లేదు. తలొంచుకు నిలబడతన్నాడు. తప్పు చెయ్యకపోతే మాట్టాడడా మనిషి?"

నేను తలుపు పక్కన మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"పలక మూడు దార్లిచ్చింది," అన్నారాయన. "బయటి గట్టుకి పంపటం, గేటు పని మానిపించటం, వదిలెయ్యటం. గురువారం పొద్దున పోటు టైముకి జనాన్ని మీ వాకిట్లోకే పిలుస్తాను. మీరు తేల్చండి. మీ వివేకం మీదే ఒదిలేస్తన్నాం."

నా చేతిలో గ్లాసు తీసుకుని తాగారు. "అమ్మమ్మ పోలికే," అని నా తల నిమిరారు. "ఎంత నెమ్మదో. ఒక్క మాట ఎక్కువ మాట్టాడదు."

ఆయన వెళ్ళాక అమ్మమ్మ చాలాసేపు నన్నే చూసింది. నేను గ్లాసు కడగడానికి వెళ్ళిపోయాను. అప్పటికే కడిగిన గిన్నెలు కూడా మళ్ళీ కడిగాను.

పదమూడో కాగితం, బుధవారం

ఇవాళ మామూలుగా గేటు మాట అమ్మమ్మ చెప్పాలి. నేను నిజంగానే గేటు దగ్గరికి వెళ్ళాను. ఆ సోమవారం తప్ప అన్ని రోజులూ వెళ్ళాను. ఇది ఎక్కడైనా రాసి ఉండాలని రాస్తున్నాను.

దావీదు మామయ్య గేటు చక్రానికి గ్రీజు పెడుతున్నాడు. నన్ను చూసి బకెట్టు తీసుకున్నాడు. మెట్లు దిగి, పైన తేలిన నాచు చేత్తో తోసి, కింది నీళ్ళు ముంచాడు.

"అడుగు నీళ్ళే ముంచాలి పిల్లా. ఉప్పు కిందుంటది. పైపైన ముంచితే తియ్యగానే ఉంటయ్."

"సరే మామయ్యా."

"పోయిన వారం సోమారం నువ్వు ఇటు రాలేదు."

మామూలుగానే అన్నాడు, చక్రం వైపు చూస్తూ. ఈయన పొద్దున్నించి సాయంత్రం దాకా గేటు దగ్గరే ఉంటాడు. ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఇన్ని రోజులూ నాకు ఈ ఆలోచనే రాలేదు.

"మరి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే? అమ్మ పాదాలు కాలవలో పెట్టలేదని తెలుసుద్ది. అప్పుడింక ఆమె మాట ఎవరింటారు? మళ్ళీ పలకే ఎత్తుకుంటది గేట్లు. నేను రెండో గట్టోణ్ణి పిల్లా. మా అమ్మా నాన్నా ఆ ట్యాంకు కిందే ఉన్నారు." గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "నాది కూడా తప్పుందిలే. నా నాలిక్కి ఉప్పు తగిలింది. తెలిసి కూడా ఎత్తా. ఆమె వివేకి, నేను కాపలావోణ్ణి అనుకున్నా."

"కెజియా ఏడుస్తోంది," అన్నాను.

"తెలుసు. నేను చెప్పను. నిన్ను చెప్పమనీ అనను. పో, నీళ్ళు చల్లారతయ్."

నీళ్ళు చల్లారడమేంటో అప్పుడు అర్థం కాలేదు. దార్లో బకెట్టులో చెయ్యి పెట్టి చూశాను. ఎండకి కాలవ నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, జ్వరం వచ్చినవాళ్ళ నుదురులా. మా తొట్టి నీళ్ళు ఎప్పుడూ చల్లగా ఉంటాయి.

ఇంటికొచ్చి బకెట్టు అమ్మమ్మ ముందు పెట్టాను. పాదాలు పెట్టగానే ఆవిడ మొహం ముడుచుకుంది. "ఎత్తొద్దు దావీదూ," అంది పలకతో. "సరేనమ్మా," అన్నాడు దావీదు మామయ్య. నీలం లైటు ఆరిపోయింది.

నేను వంగి ఆవిడ పాదాలు బయటికి తీస్తున్నాను.

"ఇయ్యి వెచ్చగా ఉన్నయ్," అంది అమ్మమ్మ.

నేను పాత గుడ్డతో ఆవిడ వేళ్ళ సందులు తుడుస్తున్నాను.

"ఆరోజు చల్లగా ఉన్నయ్ బుల్లీ. మన తొట్టి నీళ్ళు నాకు తెలవదా? ఆ తొట్టి కట్టించిందే నేను."

"మరి ఎత్తమని ఎందుకన్నావ్?" నేను ఏడుస్తున్నాను అప్పటికే. "నన్ను తిట్టాల్సింది! మళ్ళీ పంపాల్సింది!"

ఆవిడ బకెట్టులో బురద కిందికి దిగుతుంటే చూస్తోంది.

"లైటెలిగుంది. అందరూ ఇంటన్నారు. నిన్ను అందరి ముందూ ఎట్టా అనను? అదొకటి." ఆగింది. "ఇంకోటుంది. నలభై ఏళ్ళనించి వివేకం వివేకం అంటన్నారే అందరూ. మొదట్లో నవ్వొచ్చేది. నా కాళ్ళు మండుతున్నయ్, అంతేగదా అనుకునేదాన్ని. తర్వాత్తర్వాత నవ్వు రావటం మానేసింది. ఆరోజు అనుకున్నా, కాళ్ళెందుకు, నోరు తెరిస్తే దానంతటదే వచ్చిద్ది అనుకున్నా. వచ్చింది. ఎత్తు అని వచ్చింది."

అమ్మమ్మ ఏడవడం నేను ఇంతకుముందు చూడలేదు. తుంటి విరిగినప్పుడు కూడా ఏడవలేదు.

"రేపేం చెబుతావ్?" అన్నాను.

"తెలవట్లేదు. నీళ్ళలో ఉండేది కాదుగా ఇది." చెంగుతో ముక్కు తుడుచుకుంది. "వదిలెయ్యండంటే దావీదు బతికిపోతాడు. కానీ అమ్మ జాలి తలిచింది అంటారు, దొంగోణ్ణి వదిలేసినట్టు. పిల్లని బోటులో అదే మాట అంటారు. నిజం చెబితే నీ స్కూలు పోద్ది. పదిహేనేళ్ళదానివి. గట్టు మీద ఎవరూ నీ మొహం చూడరు."

"నీ మాట కూడా పోతుంది."

"పోనీ. పోవాల్సిందే. మడమలు పగిలినోళ్ళు ఈ గట్టు మీద ఇంకా చాలామందున్నారు."

తర్వాత నూనె రాయమంది. రాశాను. ఒక్కో పగులులో వేలు పెట్టి, నెమ్మదిగా.

పద్నాలుగో కాగితం, గురువారం పొద్దున

ఎండ అప్పుడే గడప దాకా వచ్చేసింది. వాకిట్లో కుర్చీలు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో "వివేకిగారి కుర్చీ కాస్త ఎత్తు మీద ఎయ్యండ్రా" అంటున్నారు. దక్షిణం మడులవాళ్ళు కూడా వచ్చినట్టున్నారు.

నేను పొద్దున్నే వెళ్ళి బకెట్టు నింపుకొచ్చాను. అడుగు నీళ్ళు. మూత పెట్టి, వెచ్చదనం పోకుండా చుట్టూ గోనె చుట్టాను. ఈ రోజు ఈ నీళ్ళతో తేలేది ఏమీ లేదని తెలుసు. అయినా సరిగ్గా చెయ్యాలనిపించింది.

అద్దం ముందు ప్రాక్టీస్ చేశాను. "అందరికీ నమస్కారం. తప్పు నాది." రెండో వాక్యం రాలేదు. ఇంగ్లీషులో ట్రై చేశాను. ఇంగ్లీషులో గడగడా వచ్చేసింది, ఎలక్యూషన్‌లా, చేతులు కూడా కదిలాయి. నాకే అసహ్యమేసింది. ఆ మాటలు వింటే స్టెల్లా మిస్ మళ్ళీ కళ్ళు తుడుచుకుంటుంది. కెజియాకి ఒక్క ముక్క అర్థం కాదు.

నాకు చెప్పడం రాదు. దాచడం వచ్చు. ఆ బురద అంత బాగా కలిపాను కదా, ఎవరికీ అనుమానం రాలేదు. వీరభద్రం గారు నెమ్మది అన్నదీ, మిస్ విజ్‌డమ్ అన్నదీ, అమ్మ వివేకంగా ఉండమన్నదీ నాలో ఈ ఒక్కదాన్నే. భయపడి ఊరుకోవడం. బయట నుంచి చూస్తే వివేకమూ, ఇదీ రెండూ ఒకేలా కనిపిస్తాయేమో. లోపల నుంచి ఒకేలా ఉండవు.

అమ్మమ్మ స్నానం చేసి తెల్ల చీర కట్టుకుంది. నన్ను ఏమీ అడగలేదు. "తువ్వాలు ఆరిందా?" అని మాత్రం అడిగింది.

ఆరింది. నా ఒళ్ళోనే ఉంది. రెండు మడతలు పెట్టాను, ఇంకా రెండు పెట్టాలి.

తలుపు కొడుతున్నారు. వీరభద్రం గారైతే మూడుసార్లు గట్టిగా కొడతారు. ఇది ఒక్కసారే, తలుపు కింది సగంలో, చిన్న చేత్తో.

"అక్కా," అంటోంది కెజియా. "తువ్వాలు పెట్టె తెమ్మన్నారు ప్రెసిడెంట్ గారు. నన్ను పట్టుకురమ్మన్నారు."

అమ్మమ్మ కుర్చీలోంచి నా చేతుల్లో ఉన్న కాగితాలు చూస్తోంది. చాలా రోజులుగా చూస్తోందేమో కూడా. "పిల్ల ఎండలో నిలబడింది బుల్లీ," అంది. అంతే అంది.

తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా ఉన్నాయి. ఎక్కడైనా దాచాలి. మంచం కింద చోటుంది. బియ్యం డబ్బా వెనక చోటుంది. మూడో మడతలో కూడా చోటుంది, బాగా నొక్కితే పైకి ఎత్తుగా కనిపించదు. ఒకసారి మడత పెట్టాక ఆ తువ్వాలుని వీరభద్రం గారు తప్ప ఎవరూ విప్పకూడదు, అదీ అందరి ముందే.

నొక్కుతున్నాను. పెన్సిల్ ఆపాలి. వస్తున్నా కెజియా